ఫ్యూజు నోరు నొక్కే విద్య

ఉద్దానంలో ఇల్లు కట్టేవాడికి ముందు గుర్తొచ్చేది గేటు. ఆ తర్వాత గేటు దిమ్మల మీద సింహాలు. ఆపైన పోర్టికో, హాల్లో పీవోపీ సీలింగు, ఆ సీలింగులో రంగులు మారే లైట్లు. ఇన్ని లైట్లకీ కరెంటు ఏ దారిన వస్తుందని అడిగితే మాత్రం మేస్త్రీ వంక చూస్తాడు. మేస్త్రీ మెట్ల కింద చూపిస్తాడు. అక్కడ చీపురుకీ పాత చెప్పులకీ మధ్య, పాతింటి గోడ నుంచి పీకి తెచ్చిన చెక్క బోర్డు ఉంటుంది. దాని మీద రెండు పింగాణీ ఫ్యూజులు, తుప్పు పట్టిన ఇనప మెయిన్ స్విచ్చు. ఇదేమిటని అడిగి చూడండి. "బాగానే పన్జేస్తన్నాది కదా బావూ, మార్చడమేటికి?" అంటాడు.

ఆ బోర్డు మొదట పాతింటి గోడెక్కిన నాడు ఇంట్లో నాలుగు బల్బులు, రెండు ఫ్యాన్లు, ఒక టీవీ. అన్నీ కలిసి అర కిలోవాటు దాటేవి కావు. తర్వాత ఫ్రిజ్జు వచ్చింది. బోరులో మోటారు దిగింది. ఉద్దానం నీళ్లంటే కిడ్నీలకి భయం కాబట్టి ఆర్వో మిషను వచ్చింది. హైదరాబాదులో ఉన్న కొడుకు, అమ్మకి ఉక్కపోస్తోందని టన్నున్నర ఏసీ పంపాడు. సంక్రాంతికొచ్చే అల్లుడు చన్నీళ్లు పోసుకోడు గనక గీజరు. గ్యాసు బండ బరువెక్కింది గనక ఇండక్షన్ పొయ్యి.

లెక్క మూడో తరగతిదే. గీజరు 2000 వాట్లు, పొయ్యి 1800, ఏసీ 1700, ఒక హార్స్‌పవర్ మోటారు సుమారు 1000. పండగ పూట పొద్దున్న ఈ నాలుగూ ఒకేసారి నడిస్తే 6500 వాట్లు. ఇంటికొచ్చే 230 వోల్టులతో భాగిస్తే 28 ఆంపియర్లు. బోర్డు మీదున్న ఫ్యూజు 15 ఆంపియర్లది. గోడలో పడుకున్న తీగ కూడా ఆ లెక్కకి వేసిందే. తీగలో కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది. అల్లుడి మర్యాదలకి ఫిజిక్సు మినహాయింపు ఇవ్వదు.

ఫ్యూజు పోతుంది. పోవడమే దాని ఉద్యోగం. మోయలేని కరెంటు వచ్చినప్పుడు ముందు తాను కరిగి, గోడలో ఉన్న తీగని కాపాడుతుంది. జీతం లేదు, పింఛను లేదు. ఇంటిల్లిపాదిలో నిజం చెప్పేది అదొక్కటే. కాబట్టి దానికే శిక్ష వేస్తాం. వీధి చివర కుర్రాణ్ణి పిలుస్తాం. అతను జేబులోంచి పాత వైరు ముక్క తీసి, పంటితో తొక్క ఒలిచి, మూడు రాగి పోగులు మెలిపెట్టి ఫ్యూజుకి చుడతాడు. "ఇంక సచ్చినా ఎగరదు, నాది పూచీ" అంటాడు. అతను అబద్ధమాడలేదు. ఫ్యూజు ఎగరదు. ఇక ముందు కాలవలసింది తీగ, ఆ తర్వాత ఇల్లు. ఈ సేవకి మనం టీ కూడా ఇప్పిస్తాం.

ఒకసారి మెయిన్ స్విచ్చు దించి, చేతికి తడి లేకుండా చూసుకుని, ఆ పింగాణీ ముక్కని బయటికి లాగి చూడండి. తెల్లగా ఉండాల్సిన చోట మసి. మరలు బిగించిన చోట ఆకుపచ్చటి పొక్కు. అది సముద్రం రాసిన ఉత్తరం. మన భావనపాడు తీరపు ఉప్పుగాలి రాగిని తింటుంది, ఇనుముని మరీ ఇష్టంగా తింటుంది. బిగువు తగ్గిన మర దగ్గర తీగకీ లోహానికీ మధ్య సందు పడి నిప్పురవ్వ పుడుతుంది. పైన మాత్రం దసరానాడు పెట్టిన పసుపు, కుంకుమ బొట్టు నిగనిగలాడుతుంటాయి. ఆయుధపూజ చేశాం గదా, ఇంకా స్క్రూడ్రైవరు ఎందుకు?

ఇల్లు ముందుగానే మనకి చెబుతుంది. మనం భాష్యం చెబుతాం. మోటారు వేస్తే లైట్లు మసకబారితే, "కరెంటోళ్లు వోల్టేజీ ఇవ్వట్లేదు" అంటాం. బోర్డు వేడెక్కితే వేసవి. ఏదో కాలిన వాసనొస్తే అటక మీద ఎలక చచ్చింది. గ్రైండరు ముట్టుకుంటే జిల్లుమంటే అమ్మకి నరాల బలహీనత. ప్లగ్గు నల్లబడితే దాని మీద దేవుడి స్టిక్కరు. ఎక్స్‌టెన్షన్ బాక్సుకి ఇంకో ఎక్స్‌టెన్షన్ బాక్సు, దానికి మూడోది తగిలిస్తే అది వంశవృక్షం. ఫ్యూజు నెలలో రెండుసార్లు పోతే, ఫ్యూజు మంచిది కాదు.

న్యాయం చెప్పాలంటే ప్రతి సంకేతానికీ బోర్డే దోషి కాదు. వీధి వీధంతా మసకబారితే లోపం ట్రాన్స్‌ఫార్మరు దగ్గర. త్రీ ఫేజు ఇంట్లో ఒక గదిలో లైట్లు మండిపోయేంత వెలిగి, ఇంకో గదిలో ఆరిపోతుంటే న్యూట్రల్ తెగి ఉండొచ్చు. అప్పుడు మెయిన్ ఆపి కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేయాలి, ఆగితే టీవీ, ఫ్రిజ్జు కలిసి పోతాయి. ఇస్త్రీపెట్టె పెట్టినప్పుడే ఫ్యూజు పోతోందంటే జబ్బు ఇస్త్రీపెట్టెది. ప్లగ్గులన్నీ పీకి ఒక్కొక్కటే పెట్టుకుంటూ పోతే దొంగ దొరుకుతాడు. అన్నీ బాగుండీ, అన్నీ కలిసి నడిచినప్పుడల్లా పోతుంటే మాత్రం ఇక బోర్డుకి వయసు మళ్లినట్టే.

చదువుకున్నవాళ్లు ఫ్యూజు జోలికి పోరు. వాళ్లది ఎంసీబీల యుగం. 16 ఆంపియర్ల ఎంసీబీ మాటిమాటికీ ట్రిప్పయితే 32 ఆంపియర్లది తెచ్చి పెట్టించుకుంటారు. తీగ పాతదే. ఇది ఆ మూడు పోగుల విద్యే, కాకపోతే బిల్లుతో సహా. పెట్టె మారిస్తే బోర్డు మారినట్టు కాదు. లైట్ల లైనుకి 1.5, పవర్ ప్లగ్గులకి 2.5, ఏసీ, గీజర్లకి విడివిడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, ప్రతి లైనుకీ దాని తాహతుకి తగ్గ ఎంసీబీ ఉండాలి. ఎంసీబీ తీగని కాపాడుతుంది, మనిషిని కాదు. మనిషి ప్రాణం పోవడానికి ఆంపియరులో పదో వంతు చాలు, 16 ఆంపియర్ల ఎంసీబీ అటు తిరిగైనా చూడదు. ఫేజులో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి రాక 30 మిల్లీ ఆంపియర్లు దారి తప్పినా కట్ చేసేది ఆర్‌సీసీబీ. తడి కాళ్లతో మోటారు స్విచ్చు వేసే ఇళ్లలో అది లేదు. గేటు మీద సింహాలు ఉన్నాయి.

ఎర్తింగు సంగతి చెప్పనక్కర్లేదు. ఇంటి వెనక ఇసకలో పాతిన పైపుకి ఉప్పు, బొగ్గు, నీళ్లు ఎవరు పోశారో ఇప్పుడు ఇంట్లో ఎవరికీ జ్ఞాపకం లేదు. ఎండిన ఇసక కరెంటుని నేలకి దింపదు. పైపు ఉంది, ఎర్తు లేదు.

కరెంటు చరిత్రలో భావనపాడుది చిన్న పేరేం కాదు. పక్కనే కాకరాపల్లి తంపరలో, అంటే చిత్తడి నేలలో, కట్టదలచిన 2640 మెగావాట్ల థర్మల్ కేంద్రానికి కాగితాల మీద పెట్టిన పేరు ఇదే. తంపర పోతే చేపలూ పంటలూ పక్షులూ పోతాయి, ఈ బరువు మేం మోయలేం అని జనం మొత్తుకున్నారు. 2011 ఫిబ్రవరి 28న పోలీసు కాల్పుల్లో మనుషులు చనిపోయారు. థర్మల్ కేంద్రం మొండిగోడల దగ్గర ఆగింది, దీపం వెలిగించలేదు. చాలు అన్నవాడి నోరు నొక్కడం ప్రభుత్వాలకి వచ్చిన విద్య. ఇంట్లో ఫ్యూజు మీద అదే విద్య చూపడానికి మనకి ఏ జీవో అక్కర్లేకపోయింది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చి వేల స్తంభాలు పడగొట్టింది. జనం రోజుల తరబడి చీకట్లో ఉన్నారు. ఎక్కడెక్కడి నుంచో సిబ్బంది వచ్చి కొత్త స్తంభాలు పాతారు, కొత్త తీగలు లాగారు. ఆ కొత్త తీగ వచ్చి కలిసింది మాత్రం రాత్రంతా వానలో నానిన పాత బోర్డుకే. దాన్ని ఎండలో ఆరబెట్టి మళ్లీ తగిలించినవాళ్లూ ఉన్నారు. నీళ్లు తాగిన ఎంసీబీ ఆరితే బాగున్నట్టే కనిపిస్తుంది, అవసరమైనప్పుడు పనిచేస్తుందన్న హామీ ఉండదు.

ఇప్పుడు సోలారు రోజులు. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ కింద మూడు కిలోవాట్లకి 78,000 రూపాయల సబ్సిడీ. మేడ మీద నీలం పలకలు, మెట్ల కింద పింగాణీ ముక్కలు. పైన 21వ శతాబ్దం, కింద తాతగారు.

కరెంటు ఆఫీసులో రాయించే లోడు మాట ఎత్తితే చాలు, అందరూ కిలోవాటు ఇంటివాళ్లే. ఏసీ ఉన్న సంగతి ఫేస్‌బుక్కులో ఊరందరికీ తెలుసు, డిపార్ట్‌మెంటుకి మాత్రం తెలియకూడదు. 2025లో మార్చి నుంచి జూన్ దాకా అదనపు లోడు ఒప్పుకుంటే డెవలప్‌మెంట్ చార్జీలు సగమే అన్నారు. సగమైనా ఎందుకని ఊరుకున్నవాళ్లున్నారు. ఇంటింటా దాచిన లోడు ట్రాన్స్‌ఫార్మరు మీద పడుతుంది. వేసవిలో అది కాలినరోజు డిపార్ట్‌మెంటుని తిట్టడానికి ముందు నిలబడేది, కిలోవాటు మీద ఏసీ నడిపేవాళ్లే.

చేయాల్సింది ఇంతే. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ని పిలవండి. ఇంట్లో సామాన్ల వాట్లు కాగితం మీద కూడించండి. తీగల ఇన్సులేషన్ని మెగ్గరుతో, ఎర్తుని ఎర్త్ టెస్టరుతో చూపించండి. ముందు లోడు రాయించి, తర్వాత తీగ, ఆ తర్వాత పెట్టె మార్పించండి. ఫ్యూజు ఒకసారి పోతే అది హెచ్చరిక. రెండోసారీ పోతే తప్పు ఇంటిది. మూడోసారి దళసరి తీగ చుట్టేవాడు ఎలక్ట్రీషియన్ కాదు, చుట్టించుకునేవాడు అమాయకుడూ కాదు.