సెలవుల సభ్యత్వ శ్లోకానికి టీకా తాత్పర్యం

ఏజెంట్ ఉవాచ:
ప్రత్యబ్దం సప్త రాత్రీశ్చ పంచవింశతి వత్సరాన్
శైలే వా సాగరే వాపి సభ్యః సౌఖ్యం సమశ్నుతే

టీక. ప్రత్యబ్దం = ఏటేటా, నిర్వహణ రుసుము కట్టినంత కాలం; సప్త రాత్రీః = ఏడు రాత్రులు, గది ఖాళీ ఉంటే; పంచవింశతి వత్సరాన్ = 25 ఏళ్లు, అనగా యాభయ్యో ఏట సంతకం పెట్టినవాడికి 75 నిండేదాకా; శైలే వా సాగరే వాపి = మున్నారులోనో గోవాలోనో; సభ్యః = సొమ్ము ముందే ఇచ్చినవాడు; సౌఖ్యం = భోజనం ఖర్చు మినహా; సమశ్నుతే = పొందును. చకారం పాదపూరణార్థం. శ్లోకం మొత్తంలో రుసుము లేనిది అదొక్కటే.

తాత్పర్యం. మన దేశంలో ఈ సెలవుల సభ్యత్వ వ్యాపారానికి పెద్ద పేరు 1996లో మొదలైన మహీంద్రా హాలిడేస్ వారి క్లబ్ మహీంద్రా. వారు ఏడాదిని ఊదా, ఎరుపు, తెలుపు, నీలం సీజన్లుగా పంచారు. చవక రంగు కొన్నవాడికి రద్దీ రోజుల్లో గది అడిగే హక్కు లేదు. తాడేపల్లిగూడెం సబ్-రిజిస్ట్రార్ ఆఫీసులో దస్తావేజు అయ్యే ఆస్తి కాదిది, వాడుకునే హక్కు మాత్రమే. లెక్క చూద్దాం. సభ్యత్వం నాలుగు లక్షలు, ఏటా రుసుము 20 వేలు అనుకోండి. ఆ నాలుగు లక్షలు ఏడు శాతానికి బ్యాంకులో పడుంటే ఏటా 28 వేలు వచ్చేవి. రెండూ కలిపి 48 వేలు, ఏడు రాత్రులకు పంచితే రాత్రికి 6,850 పైచిలుకు. బ్యాంకులో అయితే అసలు మిగులుతుంది, ఇక్కడ అదీ పోతుంది. పైగా ఏ ఏడాది కదలకపోయినా రుసుము ఆగదు. మామూలు రోజుల్లో ఆ డబ్బుకు అరకులో మంచి హోమ్‌స్టే దొరుకుతుంది, నచ్చకపోతే మళ్లీ ఆ గడప తొక్కక్కర్లేదు. కైకలూరు వైపు చేపల రైతును 25 ఏళ్ల లీజు ఒకేసారి పొయ్యమనండి, గట్టు మరమ్మతు చందా ఏటా వేరే కట్టాలనండి, ఏ చెరువన్నది అప్పుడు చూద్దాం అనండి. ఏమంటాడో ఊహించుకోవచ్చు. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరిట సరస్సు అయిదో కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టడం చూసిన నేల ఇది. పాతికేళ్ల హామీ అంటే ఇక్కడి మనిషి ఒక్క క్షణం ఆగుతాడు.

ఆక్షేపం: గది అద్దెలు ఏటా పెరుగుతాయి కదా, ముందే కొన్నవాడు తెలివైనవాడు కాడా? నిజమే, సంక్రాంతికి భీమవరం, ఏలూరు లాడ్జీల్లో అడిగిన రేటు ఇస్తామన్నా గది దొరకడం కష్టం. కానీ పెరిగేది అద్దె ఒక్కటే కాదు, రుసుమూ పెరుగుతుంది, దానిమీద జీఎస్టీ అదనం. పిల్లలకు వేసవి సెలవులు ఇచ్చిన వారమే సభ్యులందరికీ కొండ గుర్తొస్తుంది కాబట్టి, గది ముందు బుక్ చేసుకున్నవాడిదే. ఆ ముందుచూపే ఉంటే అద్దె గదీ దొరుకుతుంది.

మరో ఆక్షేపం కొంచెం గట్టిది: డబ్బు ముందే కట్టకపోతే మనవాళ్లు ఇల్లు కదలరు. దీన్ని కొట్టిపారేయలేం. కాబట్టి పిల్లల బడి గొడవ లేక, రద్దీ లేని నెలల్లో ఏటా తప్పక తిరిగే దంపతులకు ఈ శ్లోకం పనికిరావచ్చు. వాళ్లు కూడా సంతకానికి ముందు, ఇప్పటికే సభ్యుడైన ఎవరినైనా పట్టుకుని, గత అయిదేళ్ల రుసుము రసీదులు వరసగా చూపించమని అడగాలి. ఏజెంట్‌ను కాదు.