దమ్ము చక్రాల మీద ఆఫీసుకు

చెప్పులు కొనేవాడు ఎక్కడ నడవబోతున్నాడో ముందు ఆలోచిస్తాడు. జీపు కొనేవాడికి ఆ బాధ లేదు. థార్ మేలా, జిమ్నీ మేలా, గూర్ఖా మేలా అన్న తగువులో పడితే కాఫీ చల్లారిన సంగతి కూడా తెలియదు. గూర్ఖా 700 మిల్లీమీటర్ల నీళ్లలో దిగుతుందనీ, థార్ 650 దాకేననీ ఎక్కంలా అప్పజెప్పే మనిషిని, టైరు మీది 255/65 ఆర్18 అంటే ఏమిటని అడిగి చూడండి. బండి జన్మనక్షత్రం అడిగినట్టు తెల్లమొహం వేస్తాడు. వెడల్పు 255 మిల్లీమీటర్లు, అందులో 65 శాతం పక్కగోడ ఎత్తు, రేడియల్ అల్లిక, 18 అంగుళాల రిమ్ము. తమాషా ఏమంటే థార్ పై రకాలకూ, 2024 గూర్ఖాకూ ఈ కొలత ఒక్కటే. పైన డబ్బాల కోసం కొట్టుకుంటున్నాం గానీ కింద రెండింటివీ ఒకే సైజు కాళ్లు. జిమ్నీవి 195 వెడల్పు సన్నకాళ్లే, అయినా ఒళ్లు 1,200 కిలోలకు అటూ ఇటూ కాబట్టి మేకలా గట్టెక్కేస్తుంది. ఫోర్ బై ఫోర్ ఎంత ఘనమైనదైనా పని జరగాల్సింది చక్రానికి అరచేయంత రబ్బరు మీదే. అది బోడిగుండై ఉంటే నాలుగు చక్రాలూ బురదలో కలిసికట్టుగా ఉన్నచోటే తిరుగుతాయి. ఐకమత్యం చూడముచ్చటగా ఉంటుంది, బండి మాత్రం కదలదు.

అందుకని పెద్దపళ్ల మడ్ టెరైన్ టైర్లు బిగించేవాళ్లతోనే అసలు పేచీ. పళ్ల మధ్య వెడల్పాటి సందులు బురదను విదిలించడానికి. తారు మీద ఆ సందులవల్లే నేలను తాకే రబ్బరు తగ్గి, మోత పెరుగుతుంది. దమ్ము చేసే రైతుకు ఈ సంగతి తెలుసు. ట్రాక్టరుకు బిగించే ఇనప కేజ్ వీల్స్ పొలానికే. వాటితో రోడ్డెక్కితే కేసు రాస్తారు. గచ్చిబౌలి ఆఫీసుకు పొలం చక్రాలతో వెళ్లేవాడిని మాత్రం అడిగేవాడు లేడు. వానాకాలం హైదరాబాద్ రోడ్లు పొలాలు కావా అంటారా? కావు. అక్కడ నిలిచేది నీళ్లు, అడుగున తారు. నీళ్లలో ఇంజన్ను కాపాడేది గాలి పీల్చే గొట్టం ఎత్తు. తడి తారు మీద మడ్ టైరు మామూలు టైరుకంటే ఆలస్యంగా ఆగుతుంది. ఎప్పుడైనా మారేడుమిల్లి వెళ్తాం కదా అంటే, ఆ ఘాట్ కూడా తారు రోడ్డే. అడపాదడపా మట్టిదారికి ఆల్ టెరైన్ టైర్లు చాలు. ఇసుకలో కాస్త గాలి తగ్గించి, బయటికి రాగానే నింపుకుంటే సరి. చూడ్డానికి బాగుంటాయి అన్న వాదనకు మాత్రం నా దగ్గర జవాబు లేదు. కాకపోతే వేగం ఎనభై దాటాక ఆ హోరులో పక్కసీటువాళ్ల మెచ్చుకోలు వినపడదు.