గుండె అదిరింది, పాట ఏదిరా?

వినాయకుడి ఊరేగింపు మా క్రోసూరు బజారు దాటిన మర్నాడు పొద్దున్నే, టీ బంకు దగ్గర సంగీత సమీక్ష జరిగింది. "సౌండు మామూలుగా లేదు బాబాయ్, గుండెలదిరిపోయినయ్" అన్నాడొక కుర్రాడు. "మా కిటికీ అద్దం పగిలింది" అన్నాడు రెండోవాడు, కొడుక్కి ఫస్టు ర్యాంకు వచ్చినంత సంబరంగా. మూడోవాడు ఏమీ అనలేదు. చెవుల్లో ఇంకా గుయ్యిమంటోందట, మా మాటలేవీ వాడికి వినపడలేదు. నేనొక్కటే అడిగాను: "ఇంతకీ ఏం పాటలేశార్రా?" ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

ఈ రసికత మన పల్నాడు సొంతం అనుకుని మురిసిపోనక్కర్లేదు. 1980ల చివర్లో ఇంగ్లండులో, ఐర్లండులో ఒక రకం రాక్ సంగీతం పుట్టింది. గిటారు నాదాన్ని కాలి కింది పెడళ్లతో చీల్చి, గరగరలాడించి, పాడేవాడి గొంతును ఆ హోరులో ముంచేస్తారు. కచేరీ జరిగినంతసేపూ ఆ పెడళ్ల కేసి తలదించుకు నిలబడేవాళ్లు కాబట్టి, బూట్లు చూసుకునేవాళ్లని పత్రికలు వెక్కిరించాయి. ఆ వెక్కిరింతే 'షూగేజ్' అనే పేరుగా నిలిచిపోయింది. 1991 నవంబరులో మై బ్లడీ వాలంటైన్ అనే బృందం తెచ్చిన 'లవ్‌లెస్' ఆల్బం ఈ మతానికి మూలగ్రంథం. మాటలు అర్థం కావటం లేదని ఎవరైనా నసిగితే, అర్థం కాకపోవడంలోనే అందముందని భక్తులు సెలవిస్తారు. మా టీ బంకు విద్వాంసులు వాళ్లకు స్వయానా తమ్ముళ్లు. తల దించుకోవడంలోనూ తేడా లేదు. అక్కడ పెడళ్లు, ఇక్కడ డీజే ల్యాప్‌టాపు.

తేడా పనితనంలో ఉంది. ఆ గరగరను తను కోరుకున్నట్టు రప్పించడానికి కెవిన్ షీల్డ్స్ అనే గిటారిస్టు రెండేళ్లకు పైగా స్టూడియోలు మార్చాడు. మన ట్రాక్టరు మీది డీజేకి రెండు నిమిషాలు ఎక్కువ. యాంప్లిఫయరు తన సత్తా ఉన్నంతవరకే స్వరాన్ని గుండ్రంగా మోస్తుంది. అంతకు మించి మీట తిప్పితే ఆ తరంగం పైనా కిందా తెగి పలకబారుతుంది. అదే మనం విన్న బరబర. అంటే పాట తల తీసేసి, మొండేన్ని ఊరేగిస్తున్నామన్నమాట.

ఎందుకింత మోత అని అడిగితే జవాబులు సిద్ధం. మొదటిది భక్తి: దేవుడికి వినపడాలట. ఉన్న దేవుళ్లందరిలోకీ చేటలంత చెవులున్నవాడు వినాయకుడు. ఆయనకు మైకు లేకపోయినా వినపడుతుంది. రెండోది పరువు: పై బజారువాళ్లు పన్నెండు బాక్సులు కడితే మనం పదహారు కట్టొద్దా? పన్నెండో శతాబ్దంలో నాగమ్మ, బ్రహ్మనాయుడు కోళ్లను దింపితే కథ కారంపూడి రణరంగం దాకా పోయింది. ఇప్పుడు బాక్సుల్ని దింపుతున్నాం. కోళ్లు నయం, చీకటి పడితే పడుకుంటాయి.

మూడో జవాబు సంప్రదాయం. ఇది వింటే మాత్రం నవ్వు రాదు. డప్పు కొట్టేవాడు ఊరేగింపుకు ముందు మంట వేసి, తోలు కాచి, వేలితో మీటి, నాదం పలికాకే అడుగు ముందుకేస్తాడు. నాదస్వరంలో దేశమంతా పేరు పొందిన షేక్ చినమౌలానా సాహెబు విద్య నేర్చుకున్నది మన చిలకలూరిపేట ఆదం సాహెబు దగ్గర. శ్రీరంగం వెళ్లి స్థిరపడితే తమిళులు ఆయన్ని నెత్తిన పెట్టుకున్నారు. ఆ సన్నాయికి సంభావన ఇవ్వమంటే మన కమిటీకి లెక్క తేలదు. జనరేటరు డీజిలుకు మాత్రం చందాలు పొంగిపొర్లుతాయి.

చట్టం కూడా ఉంది. 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం ఇళ్ల మధ్య పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా లౌడ్‌స్పీకర్లు మోగకూడదు. రాష్ట్ర ప్రభుత్వం పండగలకు సడలించినా అర్ధరాత్రి వరకే, అదీ ఏడాదికి పదిహేను రోజులు దాటకుండా. 2005లో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే గట్టిగా చెప్పింది, అయితే బాక్సుల్లో చెప్పలేదు కాబట్టి మనకు వినపడలేదు. డెసిబెల్ లెక్కలో పది పెరిగితే శబ్దశక్తి పదిరెట్లు. బాక్సు ముందు నూరు ఉందనుకున్నా, 55తో పోలిస్తే ముప్పై వేల రెట్లకు పైమాటే. మిర్చి ధర ఇందులో పదో వంతు వేగంతో పెరిగినా రైతు మేడ కట్టేవాడు.

"నచ్చకపోతే తలుపేసుకో పెదనాన్నా" అన్నాడు రెండోవాడు. వేసుకుందును, అది కూడా తాళం వేస్తోంది, పాటతో పాటు. అన్నట్టు, మై బ్లడీ వాలంటైన్ వాళ్లు 2008లో మళ్లీ కచేరీలు పెట్టినప్పుడు, చివరి పాటలో ఒకే హోరును ఇరవై నిమిషాల దాకా సాగదీసేవాళ్లు. కానీ వచ్చినవాళ్లకు ముందే ఇయర్‌ప్లగ్గులు పంచారు. టిక్కెట్టు కొని, కోరి వచ్చినవాడి చెవుల మీద వాళ్లకున్న దయ అది. టిక్కెట్టు కొనని బాలింతకు, గుండెజబ్బు ముసలాయనకు, పుస్తకం ముందు కూర్చున్న పిల్లకు మనం కచేరీని గుమ్మంలోకే తెచ్చిస్తున్నాం. పత్తి పండే మండలంలో ఉండి కూడా గుప్పెడు దూది పంచాలని ఏ కమిటీకీ తోచలేదు.

వచ్చే చవితికి చందా పుస్తకం పట్టుకుని కుర్రాళ్లు మీ గుమ్మంలోకి వస్తారు. కసురుకోకండి, మన పిల్లలే. పోయినేడు ఏం పాటలేశారో ఒక్కటి చెప్పమనండి. చెబితే అడిగినంత ఇవ్వండి. చెప్పలేకపోతే కూడా ఇవ్వండి, కాకపోతే రసీదు మీద "సన్నాయి మేళానికి" అని రాయించుకోండి.