అక్వేరియంలో నత్తల నిర్మూలన: నమ్మకంగా బెడిసికొట్టే ఏడు చిట్కాలు

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానతో నెట్టుకొచ్చే అనంతపురం సీమ మాది. గోరంట్లలో ఆకాశం ఎండినా హాల్లో అక్వేరియం నిండుగానే ఉంటుంది. అందులో చేపలు నాలుగు, నత్తలు లెక్కలేనన్ని. వాటిని వదిలించుకోవాలనుకునేవారు ఈ కింది పద్ధతులు తు.చ. తప్పక పాటించగలరు.

1. మొక్కను కడగకండి. హిందూపురం నుంచో బెంగళూరు నుంచో తెచ్చిన మొక్కను కవరు విప్పి నేరుగా నాటేయండి. ఆకు అడుగున గాజులా మెరిసే జిగురు ముద్ద, అందులో సన్నని నలుసులు కనిపిస్తే చూపు తిప్పుకోండి. గుడ్లని అనుమానించడం మర్యాద కాదు. ఒక్కటే నత్త వచ్చింది, జత లేదే అని దిగులు పడకండి. మన తొట్లలోకి చేరే చిట్టి నత్తల్లో చాలా వాటికి ఆడా మగా రెండూ ఒకే ఒంట్లో ఉంటాయి.

2. మేత దండిగా వేయండి. పొద్దున నాన్న ఒక చిటికెడు, బడి నుంచి వచ్చి పిల్లలు ఒక చిటికెడు, రాత్రి అవ్వ "పాపం, నోరు తెరుస్తాండాయి" అని ఇంకో గుప్పెడు. చేపలు వదిలేసింది గులకరాళ్ల సందుల్లోకి దిగుతుంది. నత్తల జనాభాను నిర్ణయించేది ఆ మిగులే. అవి తగ్గాయంటే మీ ఆతిథ్యంలో ఏదో లోటు జరిగినట్టే.

3. నెపం బోరు నీళ్ల మీద వేయండి. కాచిన గిన్నె అడుగున తెల్లగా పొర కట్టే ఆ నీళ్లలో సున్నం ఎక్కువే, నత్త చిప్ప గట్టిపడేదీ దానితోనే. ఈ సంగతి అందరికీ వివరిస్తూ, ఇంకో చేత్తో మేత చల్లుతూ ఉండండి.

4. మైలుతుత్తం కంటి అంచనాతో కలపండి. రాగి నత్తల్ని చంపుతుంది, నిజమే. రొయ్యల్నీ వదలదు, మోతాదు మించితే చేపల్నీ. చచ్చిన నత్తలు రాళ్ల కింద కుళ్లి అమ్మోనియా పుట్టిస్తే మిగిలిన పని అది చూసుకుంటుంది.

5. నత్తల్ని తినే చేపను ఒక్కదాన్నే కొనండి. జీబ్రా లోచ్ పడమటి కనుమల ఏళ్లలో గుంపుగా బతికేది, పైగా అంతరించే ప్రమాదంలో ఉన్నది. దాన్ని రెండడుగుల తొట్టిలో ఒంటరిగా పడేసి, రాయి వెనక దాక్కుంటే సోమరిపోతని తిట్టండి.

6. వారం వారం నీళ్లన్నీ పారబోయండి. కరివేపాకు చెట్టుకు కాదు, కాలవలోకి. ఫిల్టరు స్పాంజిని సబ్బుతో ఉతకండి. అమ్మోనియాను అదుపులో పెట్టే బ్యాక్టీరియా అందులోనే ఉంటుంది, శుభ్రంగా పోతుంది. గుడ్లు మాత్రం అద్దాల అతుకుల్లో క్షేమం.

7. విసుగొస్తే అన్నిటినీ చిత్రావతిలో వదిలేయండి. ఇలా అక్వేరియాల నుంచి బయటపడ్డ సక్కర్ చేపలు కృష్ణలో వలలు చింపి, జాలర్ల నోట దెయ్యం చేపలనిపించుకున్నాయి. మన ఏటికి మాత్రం ఆ ఖ్యాతి ఎందుకు దక్కకూడదు?

హెచ్చరిక: కొందరు చాదస్తులు కొత్త మొక్కను పటిక నీళ్లలో నానబెట్టి, మూడు వారాలు వేరే బకెట్లో ఉంచి చూస్తారు. రెండు నిమిషాల్లో చేపలు తినేసేంత మేతే, అదీ ఇంట్లో ఒక్కరే వేస్తారు. రాత్రి కీరా ముక్క ఒకటి అడుగున ఉంచి, తెల్లవారి నత్తలతో సహా పైకి తీస్తారు. వారి తొట్టిలో పదో పరకో నత్తలు మిగిలి నాచు నాకుతూ బతుకుతాయి. అలాంటి ఇళ్లకు వెళ్లినా మనకు సలహా చెప్పే అవకాశం ఉండదు. కాఫీ తాగి వచ్చేయడమే.