చార్జరుకు ద్వీపాంతరవాసము

పరదేశయాత్రకు బయలుదేరువాడు వెంట గొనిపోవలసిన వస్తువుల జాబితా మన తెలుగిండ్లలో తరతరములుగా సిద్ధముగనే యున్నది. ఆవకాయ జాడీ నూనె కారకుండ మూతికి గుడ్డ కట్టుట మొదలుకొని, కందిపొడి పొట్లమును చీరల మడతలలో దాచుట వరకు దానియందు లేని జాగ్రత్త లేదు. ఐనను, పోయినచోట గోడయందలి రంధ్రములు మన తీగ చివరనున్న పిన్నులను లోనికి రానిచ్చునా యను విచారము మాత్రము ఆ జాబితాలో నెక్కడను కానరాదు. పూర్వులు దాని నూహింపకపోవుట సహజమే గాని, ల్యాప్‌టాపు లేనిదే కాశీకైనను కదలని యీ కాలపు పెద్దలును దానిని చేర్చకుండుట వింత. నన్నడిగినచో పరదేశమునకు లక్షణము చెప్పుట అతి సులభము. మన ప్లగ్గు పట్టని గోడ యెచ్చట గలదో అదియే పరదేశము. పాస్‌పోర్టు, వీసా మొదలగునవి దాని తరువాత వచ్చు లాంఛనములు.

ఈ లక్షణము నాకు బోధపడినది అండమాను దీవులలో. అది పరదేశమెట్లగునని మీరు వెంటనే అడుగుదురు, అడుగవలసినదే. గ్రేట్ నికోబారు దక్షిణాగ్రము నుండి సుమత్రా 150 కిలోమీటర్ల చుట్టుపట్ల నుండగా, విశాఖపట్టణము నుండి పోర్టుబ్లెయిరు సుమారు 1,200 కిలోమీటర్లు. పటము చూచినవాడు ఆ దీవులు మరియెవరివో యనుకొనుటకు చాలినంత యవకాశము దేవుడు కల్పించినాడు. ఐనను అచ్చట మన రూపాయియే చెల్లును, మన పోలీసే కర్ర పట్టుకొని నిలుచును, అన్నిటిని మించి మన తెలుగే వినబడును. శ్రీకాకుళము, విశాఖపట్టణము సీమల నుండి చేపల వేటకును, కూలికిని, కొలువులకును పోయి స్థిరపడిన కుటుంబములు అచ్చట నెన్నియో కలవు. జంగ్లీఘాటు చేపల రేవున కొంచెముసేపు నిలిచినచో మన కళింగాంధ్రపు యాస చెవి నిండ వినవచ్చును. రేవులో దిగిన నన్ను హిందీలో పలుకరించిన ఆటోవాడు, నా ప్రత్యుత్తరములోని హిందీని రెండు మాటల కంటె నెక్కువ సహింపలేక, "మెయిన్‌లాండు నుంచేనేటి బావూ? ఏ ఊరేటి మనది?" యని ప్రశ్నించి నా ప్రాణములను, హిందీ ప్రాణములను ఏకకాలమున కాపాడెను. ఆ పట్టణమునకు 2024లో శ్రీ విజయపురమని పేరు మార్చిరి. ప్రభుత్వము మార్చినది గాని ఆటోవారు ఇంకను మార్చలేదు.

కావున పరదేశి నేను కాను. పరదేశి నా చార్జరు.

నా ల్యాప్‌టాపు డాలసులోనున్న అల్లుడు కొని పంపినది. దాని చార్జరు తీగకు చివర రెండు చదునైన రేకులును, వాని నడుమ క్రిందుగా నొక గుండ్రని పిన్నును గలవు. అది అమెరికా గోడలకు సరిపడు వేషము. విజయనగరములోని మా యింట అల్లుడు తెచ్చిన అడాప్టరు గోడకు బిగిసి, ఏండ్లు గడచుకొలది సున్నపు పూతలును పడి, చూచువారికి గోడలో నొక భాగముగనే తోచుచుండెను. యాత్రకు పోవునప్పుడు గోడను వెంట తీసికొనిపోవలెనని యెవనికిని తోచదు గదా.

ఇచ్చట మన సాకెట్టు వంశచరిత్రను కొంత చెప్పకుండ ముందుకు సాగుట అన్యాయము. మన గోడలలోని మూడు గుండ్రని రంధ్రముల యేర్పాటు ఆంగ్లేయులు 1934లో నిర్ణయించిన ప్రమాణమునుండి పుట్టినది. వారు మన దేశమును విడిచిపోయిన 1947వ సంవత్సరముననే, తమ దేశమున ఆ గుండ్రని పిన్నులకు స్వస్తి చెప్పి దీర్ఘచతురస్రపు పిన్నులను ప్రమాణముగ గైకొనిరి. అనగా, వారు మనలను వదలిరి, తమ ప్లగ్గును వదలిరి. మనమో వారిని వదలించుకొంటిమి గాని వారి ప్లగ్గును నేటికిని వదలలేదు. 1986లో అంతర్జాతీయ విద్యుత్ ప్రమాణముల సంఘమువారు లోకమునకంతకు నొక్కటే ప్లగ్గును రూపొందింపగా, దక్షిణాఫ్రికాయు, కొన్ని మార్పులతో బ్రెజిలును తప్ప దాని మొగము చూచిన ఘనరాజ్యము లేదు. ఐరోపావారు 2024 డిసెంబరు 28 నుండి ఫోనులకన్నిటికి టైప్-సి రంధ్ర మొక్కటియే యుండవలెనని శాసించి యంత్రమువైపు ఏకత్వము సాధించినారు. గోడవైపు మాత్రము ఎవరి మతము వారిదే.

ఓడలో నా సహప్రయాణికుడుగా దొరికిన పెద్దమనిషి యొకడు విద్యుచ్ఛాఖలో ఇంజనీరుగా పనిచేసి విశ్రాంతి గైకొన్నవాడు. విశ్రాంతి యనునది ఆయన ఉద్యోగమునకే గాని నోటికి కాదు. మా బంకు క్లాసులో నున్న సాకెట్టులన్నిటిని రేయింబవళ్లు ఫోనులు ఆక్రమించియుండుటచే నా చార్జరు సంగతి అచ్చట బయటపడలేదు. పోర్టుబ్లెయిరులో లాడ్జి గదియందు దిగి, నేను ప్లగ్గును గోడకు చేర్చి, అది చేరకపోగా నిశ్చేష్టుడనై నిలిచియుండగా, ప్రక్క గదిలోనున్న ఆయన తలుపు తట్టకుండ లోనికి వచ్చెను.

"కంగారు పడకండి మేష్టారూ. ఇలాంటివి నా సర్వీసులో వేలు చూశాను," అని జేబునుండి టెస్టరును తీసెను. పెన్ను లేకుండ తిరుగు ఇంజనీరును చూచితిని గాని టెస్టరు లేకుండ తిరుగువానిని చూడలేదు. సాకెట్టులో పై రంధ్రము ఎర్తుదనియు, దానిలో దూరు పిన్ను తక్కినవానికంటె పొడవుగా నుండి, లోనున్న రెప్పను తెరచి క్రింది రెండు రంధ్రములకు దారి యిచ్చుననియు, కావున పై రంధ్రములో నేదైన నొకదానిని దూర్చిన రెప్ప తెరచుకొనుననియు ఆయన ఉపన్యసించెను. ఆ యేదైన నొకటి లాడ్జి కుర్రవాడు తెచ్చిన అగ్గిపుల్లలయినవి. రెప్ప తెరచుకొన్నది నిజమే. గుండ్రని రంధ్రములలో చదునైన రేకులు సగము దూరి, చిటపటమని యొక నీలపు మెరుపును చూపి, గదిలోని దీపమునుగూడ వెంట తీసికొనిపోయినవి. ఈ పద్ధతిని చదువరులలో నెవరును అనుసరింపకుందురుగాక. ఇంజనీరు గారు మాత్రము చీకటిలో, "చూశారా, ఫ్యూజు సరిగ్గా పనిచేస్తోంది," అని సంతోషించిరి.

మరునాడు బజారులో నొక సార్వదేశిక అడాప్టరును కొంటిని. దానితో కష్టములు గట్టెక్కునని తలంచుట నావలె నందరికిని కలుగు భ్రాంతియే. అమెరికా తీగ బరువునకు అడాప్టరు క్రిందికి వ్రాలును. వ్రాలగనే లోని రేకులు విడును. విడగనే చార్జరు డబ్బాపైని చిన్న దీపము ఆరును. చేతితో పైకెత్తి పట్టుకొన్నంతసేపు వెలుగును. పెండ్లిలో నలిగిన కొత్త అల్లునివలె ఆ దీపము బ్రతిమాలినంతసేపు నవ్వి, వదలగనే ముఖము నల్ల చేసికొనుచుండెను. నేను కుర్చీమీద తలగడయు, తలగడమీద పుస్తకములును పేర్చి అడాప్టరుకొక ఆధారస్తంభము నిర్మింపగా, ఇంజనీరు గారు సముద్రపు గాలికి పిన్నులు పాచిపట్టినవని నిర్ధారించి పెన్సిలు రబ్బరుతో వానిని తోమిరి. రబ్బరుతో తోముట అంత తప్పు పద్ధతి కాదు గాని, కొలత సరిపడని చెప్పునకు రంగు వేసిన లాభమే దానివలనను కలుగును.

డాలసునకు ఫోను చేసితిని. వారికది అర్ధరాత్రి. "మామయ్యగారూ, చార్జర్ తీసేసి పవర్ బటన్ ముప్పై సెకన్లు నొక్కి పట్టుకోండి," అని అల్లుడు నిద్రలోనుండియే చెప్పెను. ఆ దేశమున వ్యాధి యేదైనను మొదటి చికిత్స యిదియే కాబోలు. పట్టుకొంటిని. దానివలన బ్యాటరీలో మిగిలిన కొద్దిపాటి శక్తియు యంత్రము మరల లేచుటకు వ్యయమైనది.

ఇంతలో కరెంటు పోయెను. దీనిని లాడ్జివారిపైన గాని మరియెవరిపైన గాని మోపను. అండమానులో విద్యుత్తు పుట్టుటయే యొక సాహసము. మనకువలె దేశమంతటను అల్లుకొన్న గ్రిడ్డు వారికి లేదు. ఏ దీవి కరెంటు ఆ దీవిదే. డిగ్లీపురము చెంత కల్పాంగు నదిమీద 5.25 మెగావాట్ల చిన్న జలవిద్యుత్కేంద్రమును, కొన్ని సౌరఫలకముల క్షేత్రములును తప్పించినచో, తక్కిన భారమంతయు డీజిలు ఇంజనులదే. ఆ డీజిలు మెయిన్‌లాండునుండి సముద్రము దాటి రావలెను. ఇంటర్నెట్టు మాత్రము చెన్నపట్టణమునుండి సుమారు 2,300 కిలోమీటర్ల తీగగా సముద్రగర్భమున ప్రాకి వచ్చి 2020 ఆగస్టు 10న ప్రారంభోత్సవము జరుపుకొన్నది. అనగా లోకములోని సమాచారమంతయు కాంతివేగమున వచ్చి గడపలో నిలుచుండును. దానిని చూచుటకు వలయు కరెంటు పీపాలలో, నావలెనే, ఓడయెక్కి మెల్లగ వచ్చును. సముద్రము నాకు పెట్టిన వాంతులను తలచుకొన్నప్పుడు ఆ డీజిలుపై నాకొక సహయాత్రికాభిమానము కలిగెను.

పైగా అది ధనుర్మాసము. మన గడియారములను శాసించు 82½ డిగ్రీల రేఖ కాకినాడ ప్రాంతముమీదుగా పోవుచున్నది. పోర్టుబ్లెయిరు దానికి పది డిగ్రీలు తూర్పు. కావున కాకినాడవాని కంటె అరగంటకు పైగా ముందుగ సూర్యుడచ్చట తన దుకాణము కట్టివేయును. సాయంకాలము 5 గంటలు దాటగనే చీకటి. చీకటిలో, చార్జు లేని ల్యాప్‌టాపు నెదుట, రేపటిలోగా పత్రికకు పంపవలసిన వ్యాసమును తలంచుచు కూర్చుండువానికి కాలాపానీ యనుమాట వట్టి చరిత్రగా తోచదు.

ఆ వ్యాసమును సెల్యులరు జైలుమీదనే. 1896లో మొదలిడి 1906లో ముగించిన ఆ కట్టడమునకు నాడు ఏడు బాహువులుండెడివి, నేడు మూడు మిగిలినవి. ఒక బాహువులోని ఖైదీకి ఎదుటి బాహువు వీపు మాత్రమే కానవచ్చునట్లు, ఎవని ముఖము నెవడును చూడకుండునట్లు దానిని నిర్మించిరి. మన్యపు పితూరీలో అల్లూరి సీతారామరాజు అనుచరుడైన గాం మల్లుదొరను ఈ దీవులకే పంపిరి; శిక్ష గడచి వచ్చిన ఆ వీరుడు 1952 ఎన్నికలలో గెలిచి తొలి లోకసభలో కూర్చుండెను. కాకినాడ బాంబు కేసులోని ప్రతివాది భయంకరాచారియు ఇచ్చటి యన్నమే తినెను. ఇట్టి చోట, తెల్లవారగనే పోయి, పెద్దల నామములు చెక్కిన ఫలకముల యెదుట నిలిచియు, నా దృష్టి నడుమనడుమ ఫలకము ప్రక్కనున్న స్విచ్చుబోర్డు మీదికి జారుచుండెను. పెద్దల యాత్మలు క్షమించునుగాక. ఇంజనీరు గారు దాని నెరిగి, "పదహారు యాంపులది మేష్టారూ, మీకు పనికిరాదు," అని చెవిలో చెప్పిరి.

జైలునుండి మరలి వచ్చుచు అబర్డీను బజారులో గడియారస్తంభమున కనతిదూరమున నొక యిరుకైన ఎలక్ట్రికల్ దుకాణమును చూచితిమి. దుకాణదారుడు పలాస ప్రాంతమువాడు. తండ్రినాడు వచ్చి స్థిరపడినారట. నేను కథనంతయు మొదటినుండి చెప్పితిని. ఇంజనీరు గారు ఓల్టేజి హెచ్చుతగ్గులనుగూర్చియు, ఎర్తు లీకేజినిగూర్చియు, అమెరికాలో కరెంటు 120 ఓల్టులే గావున దాని చార్జరు మన 230 ఓల్టులకు తాళజాలక లోపల తీగచుట్టలు మాడిపోయియుండునను తమ నూతన సిద్ధాంతమునుగూర్చియు చెప్పిరి. అతడు సగములోనే డబ్బాను త్రిప్పి, అడుగున చీమలబారువలె నున్న యక్షరములను కంటికి దగ్గరగా పట్టుకొని చదివెను.

"నూరు నుంచి రెండొందల నలబై దాకా ఏ ఓల్టేజీ ఇచ్చినా తీసుకుంటానని ఇదే సెప్తంది కదేటి బావూ. డబ్బాకేటీ అవలేదు. ఈ తీగొక్కటే పరాయిది."

అని డబ్బాకు వెనుకనున్న తీగను పట్టి యొక్క లాగు లాగెను. అది సునాయాసముగ ఊడి వచ్చెను. డబ్బాలో మూడు చిన్న పిన్నులతో, మూడు గుండ్రములు కలిసిన యాకారముతో నొక గూడు కనబడెను. లోకమునకంతకు నొక్కటే డబ్బాను తయారుచేసి, దేశమును బట్టి తీగను మాత్రము మార్చి పెట్టెలో నుంచుట ఆ వ్యాపారుల ఆచారమట; ఆ గూటి కొలత అన్ని దేశములలోను ఒక్కటే యట. గోడవైపు కలహించుకొను రాజ్యములన్నియు డబ్బావైపు సంధి చేసికొన్నవని దీనివలన తేలినది. అతడు పైనున్న కొక్కెమునుండి ధూళి పట్టిన యొక నల్లని తీగను దింపెను. ఒక చివర ఆ గూటికి సరిపడు మూతి, రెండవ చివర మన గుండ్రని మూడు పిన్నులు. గోడకు చేర్చగనే చార్జరు దీపము వెలిగి, ఆరక, వ్రాలక, బ్రతిమాలించుకొనక నిలిచెను.

"నేనూ అదే అనబోతున్నాను," అనిరి ఇంజనీరు గారు.

అడాప్టరునకిచ్చిన వెలలో సగమైనను కాలేదు ఆ తీగ. మరమ్మతు కూలి యెంతయని యడుగగా, లాగినందుకు డబ్బులేటని నవ్వెను. మాకు టీ తెప్పించెను. విజయనగరములో పైడితల్లి సిరిమానోత్సవము ఈ మారు ఎట్లు జరిగినదని యడిగి, నేను చెప్పినదానికంటె తనకే యెక్కువ తెలిసియుండుటచే తానే చెప్పెను. నేను లేవబోవుచుండగా, బల్లమీద మిగిలిన అమెరికా తీగను చేతిలోనికి తీసికొని, దాని రేకులను బొటనవ్రేలితో తుడిచి, కొంచెము మొగమాటముతో నిట్లనెను.

"ఇది మీకింకెందుకు గాని, నాకిచ్చీండి బావూ. మా మేనల్లుడు అమెరికా ఎల్తాడు."

"ఎప్పుడయ్యా ప్రయాణం?"

"ఇప్పుడు మూడో తరగతి సదువుతన్నాడు," అని తీగను జాగ్రత్తగా చుట్టి సొరుగులో పెట్టెను.