కట్టె లాగడానికి మరో కట్టె

కట్టెలు కదిలించే పనిముట్టులో ఉండేవి రెండే: గుచ్చే ఇనుము, పట్టుకునే కామ. విశాఖపట్నంలో ఇనుముకు కరువు లేదు. ఏడాదికి 73 లక్షల టన్నుల సామర్థ్యమున్న ఉక్కు కర్మాగారం ఊరి పక్కనే ఉంది. అయినా కమ్మరి కొలిమిలో గొడ్డలిగా మారేది చాలావరకు పాత లారీ కమాను పట్టీయే. కర్మాగారం ఉక్కు చువ్వలై, కడ్డీలై శ్లాబుల్లోకి పోతుంది. కమాను పట్టీ మాత్రం గోతుల రోడ్ల మీద ఏళ్లతరబడి పరీక్షలు రాసి, అన్నీ పాసై మరీ కొలిమికొస్తుంది.

కట్టెల అడితిలో సరుగుడు దుంగను జరపాలంటే గొడ్డలి మొనను దుంగ చివర దించి లాగడమే ఆనవాయితీ. ఉత్తర అమెరికా అడవుల్లో ఇందుకోసమే పికరూన్ అనే పనిముట్టు ఉంది. పొడుగాటి కామ చివర వంపు తిరిగిన మొన ఉంటుంది, నడుం వంచకుండా దుంగను లాగొచ్చు. దానికి విశాఖలో దగ్గరి చుట్టం రేవు హమాలీ చేతి కొక్కెం. గుప్పిట్లో ఇమిడే అడ్డ పిడి, వేళ్ల సందులోంచి బయటికొచ్చే ఇనుప వంపు, అంతే. సిమెంటు, యూరియా బస్తాల మీద ‘యూజ్ నో హుక్స్’ అని అచ్చువేసేది దీన్ని ఉద్దేశించే. ఆ హెచ్చరిక కొక్కెం ఎక్కడ గుచ్చాలో చూపే ఆనవాలుగానూ పనికొచ్చింది. 1933లో ఓడలకు తెరుచుకున్న రేవులో ఇప్పుడు కంటైనర్లు, కన్వేయర్లు వచ్చి కొక్కేనికి పని తగ్గించాయి. కట్టె ఏ అభ్యంతరమూ రాసి పెట్టుకోదు కనుక, చిన్న ముక్కలకు చేతి కొక్కెం, పెద్ద దుంగలకు రెండున్నర మూడడుగుల కామ ఉన్నది వాడుకోవచ్చు.

కొనే దగ్గర జరిగే తతంగం వేరు. కొనేవాడు ఇనుమును గోరుతో గీస్తాడు, నేలకేసి కొట్టి మోత వింటాడు, గాల్లో రెండుసార్లు ఆడిస్తాడు, బేరమాడతాడు. కామ వంక చూడడు. విరిగేది మాత్రం కామే. తుమ్మ, చిరుమాను లాంటి గట్టి కర్రలు దెబ్బకు ఓర్చుకుంటాయి. టేకు దర్జాకి మంచిదే, మంచానికి ఇంకా మంచిది, కానీ దెబ్బలు తినే కామకు పెళుసు. కామను కంటి దగ్గర పెట్టి, గురి చూసినట్టు పొడుగునా చూడాలి. నార ఈ చివర నుంచి ఆ చివరకు తిన్నగా సాగాలి. మధ్యలో పక్కకు జారిపోయిందా, అక్కడే విరుగుతుంది. ముడులున్న కర్ర వద్దు. నిగనిగలాడే ఎర్ర రంగు వేసిందైతే అసలే వద్దు, ఆ రంగు కింద ముడులూ పుట్టీ హాయిగా కాపురం చేస్తుంటాయి. వార్నిష్ పూసిన కామ చేతికి బొబ్బలెక్కిస్తుంది. దాన్ని ఉప్పుకాగితంతో గీకేయడమే మేలు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను గంటకు 170 కిలోమీటర్లకు పైబడిన గాలితో ఊరి మీద పడి, వీధివీధినా చెట్లు కూల్చినప్పుడు అటకల మీది గొడ్డళ్లు కిందికి దిగక తప్పలేదు. ఏళ్లకొద్దీ అటక మీద పడున్న కామ ఎండి కుంచించుకుపోతుంది. దాన్ని ఉన్నపళంగా పనిలో పెడితే కామ చేతిలోనే ఉంటుంది, ఇనుము పక్కింటి పెరట్లో ఉంటుంది.

వదులైన కామకు ఊరంతటికీ తెలిసిన వైద్యం ఒకటే: రాత్రి బకెట్టు నీళ్లలో నానబెట్టడం. తెల్లారేసరికి బిగుస్తుంది, బకెట్టు పెట్టినాయనకు పేరూ వస్తుంది. అయితే ఉబ్బిన కర్ర ఇనుప బెజ్జంలో నలుగుతుంది, నలిగిన నార మళ్లీ కోలుకోదు. ఆరాక మునుపటికన్నా వదులవుతుంది. మళ్లీ బకెట్టు. ఎండిన గట్టి చెక్కతో చీల చేసి సందులో దిగగొట్టడమే అసలు మందు.

తర్వాతిది నూనె. కొబ్బరినూనె ఆరదు, జిడ్డుగానే ఉంటుంది. అవిసె నూనె గాలి తగిలి గట్టిపడుతుంది. పల్చగా పట్టించి, మిగిలింది తుడిచేసి, ఆరనివ్వాలి. తుడిచిన గుడ్డను ఉండచుట్టి మూల పడేస్తే నూనె గట్టిపడేటప్పుడు పుట్టే వేడికి దానంతటదే అంటుకోవచ్చు. కట్టెల ఖర్చు లేకుండా ఇంటినే పొయ్యి చేసే పద్ధతి ఇది. గుడ్డను నీళ్లలో తడిపి ఆరుబయట పరచాలి. సముద్రపు ఉప్పుగాలికి తుప్పు త్వరగా పడుతుంది గనుక ఇనుముకూ నూనె చెయ్యి తగిలించాలి. మొన మొద్దుబారితే సరుగుడు మీద జారుతుంది, ఆకురాయితో సాన పెట్టాలి. లాగేటప్పుడు దుంగ కాలి పక్కకు రావాలి గానీ మోకాలి చిప్ప మీదికి కాదు.

చీలిన కామకు ఇనుప తీగ, సైకిల్ ట్యూబు, కరెంటు టేపు వరసగా చుట్టి నెట్టుకొచ్చే నిపుణులు ప్రతి వీధిలోనూ ఉంటారు. వాళ్లు పని మొదలుపెడితే పది అడుగులు వెనక్కి జరగండి. చీలిన కామ అతకదు. కొత్తది వేయించి, పాతదాన్ని పొయ్యిలో పెట్టండి. తుమ్మ బాగా మండుతుంది.