మొదటి ఏడాది స్టాక్ మార్కెట్ మాటెత్తకండి

యూనివర్సిటీలో ఫైనాన్స్ ఆనర్స్ పెట్టాలని నిర్ణయం కాగానే బోర్డ్ ఆఫ్ స్టడీస్ ముందుకు వచ్చే సలహాలు దాదాపు అన్నిచోట్లా ఒకటే. ట్రేడింగ్ ల్యాబ్ కట్టండి. ఇంటర్‌లో తొంభై అయిదు శాతం దాటినవాళ్లనే తీసుకోండి. బ్రోషర్ నిండా కంపెనీల పేర్లు వేయండి. మొదటి సెమిస్టర్ నుంచే స్టాక్ మార్కెట్ చెప్పండి. కామర్స్ పాఠాలు చెప్పుకుంటూ బతికిన నేను వీటన్నిటికీ ఎదురు సలహాలు ఇస్తున్నాను. వినగానే ఇదేం మొండివాదం అనిపించవచ్చు. అయినా ప్రతి మాటా నమ్మే చెబుతున్నాను.

మొదటి ఏడాదంతా పద్దులు రాయించండి, అదీ చేత్తో. జర్నల్, లెడ్జర్, ట్రయల్ బ్యాలెన్స్, బ్యాంక్ రీకన్సిలియేషన్. ట్యాలీ ఉండగా ఈ చాకిరీ ఎందుకని డీన్ గారే అడుగుతారు. డెబిట్, క్రెడిట్ కలిసినంత మాత్రాన లెక్క నిజం కాదని పిల్లవాడికి ఒంటబట్టాలంటే, వాడే ఒక దొంగ అమ్మకం రాసి, దానికి జోడీగా ఒక దొంగ బాకీదారుణ్ణి పుట్టించి, ట్రయల్ బ్యాలెన్స్ తీసి చూడాలి. అది చక్కగా కలిసిపోతుంది. అప్పుడు తరగతిలో పుట్టే ప్రశ్నల కోసమే నేను మొదటి ఏడాదిని అడుగుతున్నాను.

అక్కణ్ణుంచి నేరుగా సత్యం కంప్యూటర్స్ కుంభకోణం దగ్గరికి తీసుకెళ్లండి. తెలుగు పిల్లలకు ఇంతకంటే దగ్గరి పాఠం లేదు. అయితే మోసాన్ని ఒప్పుకుంటూ కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖను ముందుగా చూపించకండి. 2007-08 వార్షిక నివేదిక చేతికిచ్చి, మూడు వారాలు గడువిచ్చి, అనుమానం వచ్చిన ప్రతిచోటా గీత గీయమనండి. బ్యాంకుల్లో ఇంత డబ్బుంటే దానిమీద వడ్డీ ఎంత వచ్చింది? చేతిలో నగదు ఉన్న కంపెనీ దాన్ని ఏం చేస్తోంది? బ్యాంకు నిల్వ నిజమని ఆడిటర్‌కు ఎవరు చెప్పారు? ఈ ప్రశ్నలు వాళ్ల నోటినుంచి వచ్చాక 2009 జనవరి 7 నాటి లేఖ తీయండి. పుస్తకాల్లో చూపిన నగదు 5,361 కోట్లు, అందులో లేనిది 5,040 కోట్లు. 2008 సెప్టెంబర్‌తో ముగిసిన మూడు నెలలకు చూపిన ఆదాయం 2,700 కోట్లు, అసలు ఆదాయం 2,112 కోట్లు. నిర్వహణ లాభం 649 కోట్లని చూపారు, వచ్చింది 61 కోట్లు.

అంతటితో ఆపేస్తే అది వార్త చదివినట్టే అవుతుంది. 2011లో అమెరికా నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ సత్యం ఆడిటర్ల మీద ఇచ్చిన ఉత్తర్వు కూడా చదివించండి. బ్యాంకులకు ధ్రువీకరణ లేఖలు పంపే పని, జవాబులు అందుకునే పని రెండూ కంపెనీ చేతికే వదిలేశారన్నది అందులోని ప్రధానమైన తప్పు. లేఖ ఎవరు పోస్టు చేశారు, జవాబు ఎవరి చిరునామాకు వచ్చింది అన్నంత చిన్న విషయం. వాల్యుయేషన్ సూత్రాలు ఎన్ని వచ్చినా ఈ చిన్న విషయం పట్టుకోలేనివాడికి ఆనర్స్ పట్టా ఇవ్వడం నాకు సమ్మతం కాదు.

ట్రేడింగ్ ల్యాబ్ వద్దు. వరసగా తెరలు, గోడ మీద పరుగెత్తే అంకెలు చూస్తే తల్లిదండ్రులకు ముచ్చటేస్తుంది. కానీ వాటి చందాకు ఏటా కట్టే సొమ్ముతో ఒక మంచి అధ్యాపకుణ్ణి పెట్టుకోవచ్చు. వార్షిక నివేదికలు ఎక్స్చేంజీల సైట్లలో ఉచితంగా దొరుకుతాయి. రిజర్వ్ బ్యాంక్ గణాంకాలూ ఉచితమే. నాలుగేళ్లలో పిల్లలు చదివి ముగించలేనంత సరుకు కళ్లముందే ఉంది.

వర్చువల్ ట్రేడింగ్ పోటీలు అసలే వద్దు. ఈ మాట దగ్గర నేను ఎవరితోనూ రాజీపడను. ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో ఆడిన వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది 2022 నుంచి 2024 దాకా మూడు ఆర్థిక సంవత్సరాల్లో నష్టపోయారని, మొత్తం నష్టం 1.8 లక్షల కోట్లు దాటిందని సెబీ 2024 సెప్టెంబర్‌లో చెప్పింది. ఉత్తుత్తి డబ్బుతో వారంలో ముప్ఫై శాతం లాభం చూపిన కుర్రవాడికి స్టేజీ మీద కప్పు ఇస్తే, హాస్టల్‌కు వెళ్లి వాడు చేసే మొదటి పని డీమ్యాట్ ఖాతా తెరవడం. ఇంట్లోవాళ్లు ఫీజుకని పంపిన డబ్బుతో మొదలుపెడతాడు. ఆ పోటీకి బదులు సెబీ అధ్యయనాన్నే పాఠంగా పెట్టి, ఎవరికి పోయింది, ఆ డబ్బు ఎవరికి చేరింది, ఖర్చుల కింద ఎంత పోయింది అని ఒక సెమిస్టర్ తవ్వించండి.

ప్రవేశాల సంగతి. మార్కుల గీత గీసి మొదటి రోజే తలుపు మూయకండి. ఎంఈసీ వాళ్లకే అన్న నియమం వద్దు, తెలుగు మీడియం వాళ్లను వడకట్టే ఇంటర్వ్యూలు వద్దు. ఏడాది అందరికీ చెప్పి, పద్దుల్లో ఓపిక చూపినవాళ్లను రెండో ఏట ఆనర్స్‌లోకి పిలవండి. లెక్కలు రానివాళ్లకు ఆ ఏడాదిలోనే సాయంత్రం తరగతులు పెట్టండి. 2022 డిసెంబర్‌లో యూజీసీ ఇచ్చిన చట్రంలో మూడేళ్లకు 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్‌కు 160. పరిశోధనతో కూడిన ఆనర్స్‌కు మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం ఉండాలి. వడపోత అక్కడ ఎలాగూ ఉంది, ఇంటర్ మార్కులతో మరొకటి దేనికి? నాలుగో ఏట కలిసే 40 క్రెడిట్లను కూడా బ్లాక్‌చెయిన్, ఫిన్‌టెక్ లాంటి కొత్త పేర్ల పేపర్లతో నింపెయ్యాలన్న తొందర వద్దు. తక్కువ పేపర్లు పెట్టి ఎక్కువ చదివించండి.

పోర్ట్‌ఫోలియో సిద్ధాంతం కంటే ముందు చీటీపాట చెప్పండి. నెలకు అయిదు వేల చొప్పున ఇరవై మంది, లక్ష రూపాయల చీటీ. అయిదో నెలలో ఒకామె 75 వేలకు పాడుకుంది, కూతురి కాలేజీ ఫీజుకు. ఇంకొకాయన చివరి నెల దాకా ఆగాడు. ఆమెకు అది అప్పు, ఆయనకు అది పొదుపు. ఇద్దరికీ పడిన వడ్డీ రేటు ఎంత? చీటీ నడిపే ఫోర్‌మన్ కమిషన్ గరిష్ఠ పరిమితిని 2019 సవరణలో 5 శాతం నుంచి 7కు పెంచారు. దానివల్ల ఎవరి రేటు ఎంత మారింది? ఈ ఒక్క లెక్కతో ఐఆర్‌ఆర్ (అంతర్గత రాబడి రేటు) ఏమిటో జన్మలో మరవరు. ఇంటికెళ్లి అమ్మ చీటీ పుస్తకం అడిగి తెచ్చుకుంటారు కూడా.

ఆ తరువాత ఊళ్లోకి పంపండి. మూడు లక్షల లోపు పంట రుణం బ్యాంకులో 7 శాతం, సకాలంలో తీరిస్తే 4 శాతమే పడుతుంది. అదే ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి, అంటే ఏడాదికి 24 శాతానికి అప్పు తెచ్చుకునే మనిషి ఉంటాడు. నాలుగు శాతం దొరుకుతుంటే ఇరవై నాలుగుకు ఎందుకు వెళ్లాడు? పాఠ్యపుస్తకం చదివినవాడు ఆర్థిక అక్షరాస్యత లేకపోవడం వల్ల అని రాస్తాడు. ఊరికి వెళ్లినవాడికి తెలుస్తుంది, ఆయన కౌలు రైతని, పాస్‌బుక్ భూయజమాని పేరున ఉందని. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం కింద సాగుదారు హక్కు కార్డు ఉంది, కానీ దానిమీద యజమాని సంతకం పెట్టాలి. ఆ సంతకం పెట్టడానికి యజమాని ఎందుకు వెనకాడతాడో, కార్డు ఉన్నా బ్యాంకు మేనేజర్ ఎందుకు తటపటాయిస్తాడో ఇద్దరినీ అడిగి రాసిన పిల్ల క్రెడిట్ రిస్క్ అంటే ఏమిటో నాకంటే బాగా చెబుతుంది. ఆంధ్ర డిగ్రీ కాలేజీల్లో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఇప్పటికే ఉంది. సర్టిఫికెట్ కోసం గడిపేసే ఆ గంటలను దీనికి మళ్లించండి.

ప్లేస్‌మెంట్ అంకెల్ని బ్రోషర్ మీద వేయకండి. ఒకసారి వేశారంటే మరుసటి ఏడాది నుంచి సిలబస్‌ను నియామక సంస్థలే రాస్తాయి. ఉద్యోగాలు ముఖ్యం కాదని నేననను. అప్పు చేసి చదివించే ఇళ్ల పిల్లలే మన తరగతుల్లో ఎక్కువ. బ్యాలెన్స్ షీట్‌ను నిలదీయగలిగిన పిల్లకు హైదరాబాద్‌లో పని దొరక్కుండా పోదని నా నమ్మకం.

పాఠాలకు పీహెచ్‌డీలనే వెతకకండి. పదిహేనేళ్ల అనుభవం ఉన్నవాళ్లను ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్‌గా తీసుకోవచ్చని యూజీసీ 2022లోనే చెప్పింది. 1923లో బందరులో పుట్టిన ఆంధ్రా బ్యాంక్ 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. అందులో ఇన్‌స్పెక్షన్లు చేసి రిటైరైనవాళ్లు కోస్తా ఊళ్లలో ఇప్పటికీ ఉన్నారు. మొండి బాకీని కొత్త అప్పుతో ఎలా కప్పిపుచ్చుతారో వాళ్లను చెప్పమనండి.

చివరి ఏడాది పరిశోధన వ్యాసాన్ని తెలుగులో రాయనివ్వండి. ఇంగ్లీషు మీడియం కోర్సుల్లోనూ పరీక్షలు స్థానిక భాషలో రాయనివ్వమని 2023లో యూజీసీ విశ్వవిద్యాలయాలను కోరింది. రైతు చెప్పిన మాట రైతు మాటగానే కాగితం మీదికి రావాలి. వైవాకు మరో ప్రొఫెసర్‌తోపాటు ఆ రిటైర్డ్ ఇన్‌స్పెక్టర్‌నూ కూర్చోబెట్టండి. వేసుకున్న ఊహ తప్పని తేలినా, ఆ సంగతి దాచకుండా రాసినవాళ్లకు పూర్తి మార్కులివ్వండి. కౌలు రైతుల అప్పుల మీద వచ్చిన వ్యాసాలను లైబ్రరీ బీరువాలో పెట్టి తాళం వేయకుండా, జిల్లా లీడ్ బ్యాంక్ మేనేజర్‌కు ఒక్కో ప్రతి పంపండి. జిల్లా బ్యాంకర్ల సమావేశంలో పంట రుణాల లక్ష్యాలు చర్చకు వచ్చే రోజుకు అవి ఆయన బల్ల మీద ఉండేటట్టు చూడండి.